బార లెక్క

ఆచావో రేవులో, తారు వాసన వదలని చెక్క గదిలో
నలభై ఏళ్లుగా తాళ్లు అమ్ముతున్నాను.
లోపలికి వచ్చినవాళ్లు ముందు ధర అడుగుతారు.
నేను "దేనికి?" అంటాను.

లంగరుకైతే నైలాను.
అల ఒక్క విసురు విసిరితే సాగి,
ఊపిరి వదిలి,
మళ్లీ తన పొడవుకు తాను రావాలి.

తెరచాపకైతే దాని జోలికి పోవద్దు.
పొద్దున బిగించినది మధ్యాహ్నానికి వదులు.
పాలిస్టరు తీసుకో, తాడులో తాడు అల్లినది,
పైపేట అరిగినా లోపలిది మాట తప్పదు.

ఆలుచిప్పలు పెంచేవాళ్లు
నారింజ రంగుది చుట్టలు చుట్టలుగా మోసుకుపోతారు.
తేలుతుంది, చవక.
ఎండకు మాత్రం ఓర్వదు,
రెండు వేసవులకు వేళ్లల్లో పొట్టులా రాలుతుంది.
చెబుతాను. నవ్వుతారు. మూడో ఏడు మళ్లీ వస్తారు.

చర్చి గంటకని ఒనోఫ్రే ముసలాయన వచ్చాడు.
పురి పెట్టిన తాడు బరువు పడితే తిరుగుతుంది తాతా,
గంటతో పాటు నిన్నూ తిప్పుతుంది,
జడలా అల్లినది తిరగదు,
ఒక పాయ కుడికి గుంజితే ఒకటి ఎడమకు గుంజి
ఊరుకోబెడుతుంది, అన్నాను.
ఆయన అంతా విని
నీలం రంగు మాత్రం వద్దన్నాడు.

మార్చిలో, వాన ఆగని ఒక మంగళవారం, రోసమెల్ లెపీయో.
"ఇల్లు లాగాలి" అన్నాడు.
మా దీవుల్లో ఇది వింత కాదు.
సముద్రం గట్టును కొరుక్కుంటూ గుమ్మం దాకా వస్తే
ఇంటిని దుంగల మీదికెక్కించి
ఎనిమిది జతల ఎడ్లు కట్టి
ఊరంతా అరుస్తూ మిట్టకు లాగేస్తాం.
కిటికీ అద్దాలు కూడా తీయం.

తెల్ల నైలాను చుట్ట మీద చెయ్యి వేశాడు.
లావుగా ఉంది, అతని డబ్బుకు సరిపోతుంది.

నేను తలగుడ్డ పక్కకు జరిపి చూపించాను,
ఎడమ చెవికి కింది సగం లేదు.
పదిహేడేళ్లప్పుడు, ఇదే రేవు.
సరుకు పడవను కట్టిన నైలాను
సాగి, సాగి, సాగి
తెగింది.
చప్పుడు కూడా వినలేదు.
నా పక్కన నిలబడ్డ ఎవారిస్తో మళ్లీ లేవలేదు.
సాగే తాడు బలాన్ని దాచుకుంటుంది రోసమెల్,
తెగిన రోజు ఒక్కసారే ఇచ్చేస్తుంది,
ఎదురుగా ఎవరుంటే వాళ్లకి.

చెయ్యి తీసేశాడు.
పాలిస్టరు ధర విని టోపీ తీసి
మళ్లీ పెట్టుకున్నాడు.

అరవై బారలు కొలిచాను.
డబ్బు తీసుకోలేదు, ఉచితమూ అనలేదు.
"తిరిగి తే. బురద కడగకు. ఎక్కడ ఒరుసుకుందో నేను చూడాలి."

ఎనిమిది రోజులకు తెచ్చాడు.
ఒక బస్తా బంగాళాదుంపలు, బస్తా మీద తాడు.
అరచేతిలోంచి అంగుళం అంగుళం జార్చుకున్నాను:
ఎద్దు వెంట్రుకలు,
గోడ పసుపు పెంకులు,
నలభయ్యో బార దగ్గర ఒక రాయి కొరికిన గరుకు.
అక్కడ కోసేశాను. రెండు కొసలూ మంట మీద కరిగించి
తడి వేళ్లతో నొక్కాను.
మంచి ముక్కలు రెండూ కొక్కేనికి.
గరుకు ముక్క గుమ్మం బయట.

దాన్ని చూస్తూ నిలబడింది రోసమెల్ మనవరాలు ఎల్బా,
ముందు పళ్లు రెండు లేవు.
"నాకు తాడు కావాలి."
"దేనికి?"
చాలాసేపు ఆలోచించింది.
వాన చూరు మీద నుంచి కారుతోంది.
"ఇంకా తెలీదు."

నలభై ఏళ్లలో ఈ జవాబు ఎవరూ చెప్పలేదు.
దేనికి ఏది ఇవ్వాలో నాకు తెలుసు,
దీనికి తెలీలేదు.

గరుకు ముక్క ఇవ్వలేదు.
లోపలికి వెళ్లి
చేతిని కొయ్యని నూలు జడ తీశాను,
"చేతులు చాపు" అన్నాను,
కొలిచాను ఒక బార.
నాది కాదు,
దానిది.